మోసేదంతా సిలువ కాదు



తపస్కాలపు శుక్రవారాలలో మన దేవాలయాలన్నింటిలోనూ సిలువ మార్గం జరుగుతుంది. పదునాలుగు స్థలాలు. ప్రతి స్థలం దగ్గర మోకరిస్తాం, లేస్తాం, మళ్లీ నడుస్తాం. క్రీస్తునాథుడు తన సిలువచేత లోకాన్ని రక్షించాడని పదునాలుగు సార్లు ఒప్పుకుంటాం. చిన్ననాటినుండి నోటికి వచ్చిన మాట కావడంచేత దాని లోతు మనకు పట్టదు. సిలువ రక్షించిందంటే ఏమిటి? కొయ్య రక్షించిందా? నొప్పి రక్షించిందా? మన కష్టాలను కూడా మనం సిలువలే అంటున్నాం కదా, మరి అవి కూడా మనలను రక్షిస్తాయా?

ఈ ప్రశ్నలు నాకు పుస్తకాలలో ఎదురు కాలేదు. ఒక తల్లి ముఖంలో ఎదురయ్యాయి.

చాలా ఏళ్ల కిందటి మాట. విచారణ కేంద్రానికి దూరంగా ఉన్న ఒక పల్లెలో సిలువ మార్గం ముగించి బయటికి వచ్చాను. ఒక ఇల్లాలు దగ్గరకు వచ్చి దీవెన అడిగింది. కొంగు కళ్లదాకా లాక్కొని ఉంది. అయినా చెంప వాచినట్టు కనబడుతూనే ఉంది. ఏమైందమ్మా అన్నాను. "ఏముంది ఫాదర్ గారూ, తాగొచ్చి కొట్టాడు. ఇది నా సిలువ. మొయ్యాలిగా" అంది. అప్పుడే కదా నేను గుడిలో సిలువను మొయ్యడం గురించి అరగంట ప్రసంగించి వచ్చాను! నా ప్రసంగం ఆమెకు చక్కగా ఎక్కిందని లోపల కాస్త సంతోషం కూడా కలిగింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. "ఓర్చుకో తల్లీ, ప్రభువు చూస్తున్నాడు" అని నుదుట సిలువ గుర్తు వేసి వచ్చేశాను.

ఆ వానాకాలంలో ఆమె చెయ్యి విరిగింది. పెద్దపిల్ల బడి మానేసి ఇంటిపనిలో పడింది. ఈ సంగతి తెలిసిననాడు నేను చెప్పిన ఆ నాలుగు మాటలు నా ముందుకు వచ్చి నిలిచాయి. ప్రభువు చూస్తున్నాడన్నది అబద్ధం కాదు. కాని ఆమెను ఆ ఇంట్లోకి తిరిగి పంపింది ప్రభువు కాదు, నేను.

సిలువ అంటే ఏమిటో నేను సరిగా నేర్చుకోకుండానే నేర్పించానని అప్పుడు అర్థమైంది. అందుకే మొదటినుండి చూద్దాం.

మనకు సిలువ అంటే మెడలో బంగారం, గోపురం మీద దీపాలు, గుణదల కొండ శిఖరాన ఆకాశానికి ఎదురుగా నిలిచిన గురుతు. యేసుప్రభువు మాట చెవులారా విన్నవారికి అది అలా లేదు. రోమీయులు సిలువను ముఖ్యంగా బానిసలకు, తిరుగుబాటుదారులకు దాచి ఉంచారు. రోము పౌరులకు సాధారణంగా ఆ శిక్ష ఉండేది కాదు. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణచిన తరువాత కాపువా నుండి రోము దాకా బాట పొడవునా సుమారు 6000 మంది బానిసలను సిలువ వేశారు. హేరోదు మరణించిన క్రీ.పూ. 4 ప్రాంతంలో గలిలయలో అల్లర్లు లేచాయి. నజరేతునుండి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న సెప్ఫోరిసు పట్టణం తగులబడింది. ఆ తిరుగుబాటుకు ప్రతిగా రోము అధికారి వారుసు సుమారు 2000 మందిని సిలువ వేయించాడని యూద చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. యేసు పెరిగిన ఊళ్లోని పెద్దలకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. అటువంటి ప్రజల ముందు నిలబడి, నన్ను వెంబడించగోరువాడు తన సిలువను ఎత్తుకోవాలి అన్నాడు ప్రభువు. విన్నవారి వెన్ను జలదరించి ఉంటుంది.

1968లో యెరూషలేములో ఒక పాత సమాధి బయటపడింది. అందులోని రాతిపెట్టెలో ఒక యువకుని మడమ ఎముక దొరికింది. ఇనుప మేకు ఇంకా దానిలోనే దిగబడి ఉంది. కొన వంగిపోవడంవల్ల శవాన్ని దించినవారు దాన్ని ఊడదీయలేకపోయారని పండితులంటారు. పెట్టెమీద యెహోహనాన్ అనే పేరు చెక్కి ఉంది. మొదటి శతాబ్దం వాడు, మన ప్రభువు కాలానికి దగ్గరివాడు. ఆ మేకు ఫొటో చూసిన తరువాత సిలువను నగగా చూడడం నాకు కష్టమైంది. మీరు ధరించవద్దని నా ఉద్దేశం కాదు లెండి. తొలి శతాబ్దాల క్రైస్తవులు మాత్రం సిలువమీది ప్రభువు బొమ్మను బాహాటంగా చూపడానికి వెనుకాడారు. చేపను, లంగరును, మంచి కాపరిని గీసుకున్నారు. రోములో పునీత సబీనమ్మ దేవాలయపు కొయ్య తలుపు మీద, సుమారు 430 ప్రాంతంలో చెక్కిన బొమ్మ మనకు మిగిలిన తొలి సిలువ చిత్రాలలో ఒకటి. అంటే, ఆ అవమానాన్ని కళ్లెదుట నిలుపుకోవడానికి విశ్వాసులకు దాదాపు నాలుగు వందల ఏళ్లు పట్టింది.

ఇంతటి ఘోరం రక్షణ ఎలా అయింది?

కపాలమనే ఆ స్థలంలో ఆ శుక్రవారం నిలిచింది ఒక్క సిలువ కాదు, మూడు. కొయ్య ఒకటే, శిక్ష ఒకటే. నొప్పి పడడమే రక్షణ అయితే లోకానికి ముగ్గురు రక్షకులు ఉండాలి. అలా లేరు. మధ్య సిలువ ఒక్కటే మనలను రక్షించింది. ఎందుకంటే దానిమీద ఉన్న దైవకుమారుడు ప్రేమతో తనను తాను అర్పించుకున్నాడు. తన ప్రాణాన్ని ఎవరూ తననుండి తీసుకోవడం లేదని, తానే దానిని ధారపోస్తున్నానని ముందే చెప్పాడు (యోహాను 10:18). తండ్రిపట్ల విధేయత, మనపట్ల ప్రేమ, ఈ రెండూ కలిసి ఒక హత్యను బలిగా మార్చాయి. కుమారుని రక్తం చూస్తేగాని తండ్రి కోపం చల్లారలేదని కొందరు ప్రసంగించగా విన్నాను. అది శ్రీసభ బోధ కాదు. తండ్రి లోకాన్ని ప్రేమించాడు కనుకనే కుమారుని ఇచ్చాడు. మేకులు కొట్టింది మనుషుల పాపం. ఆ మేకుల మధ్యనుండి క్షమించింది దేవుని ప్రేమ.

అటూ ఇటూ ఉన్న రెండు సిలువలను కూడా చూడండి. ఒకడు తన బాధలోనుండి దూషించాడు. రెండవవాడు తన నేరం ఒప్పుకున్నాడు, పక్కనున్న నిర్దోషి పక్షాన మాట్లాడాడు, తనను జ్ఞాపకం ఉంచుకొమ్మని వేడుకున్నాడు (లూకా 23:39-43). అతనికి ఒక్క మేకు ఊడలేదు. ఒక్క గడియ నొప్పి తగ్గలేదు. కాని అప్పటివరకు శిక్షగా ఉన్నది అతని చేతుల్లో సిలువ అయింది. వేదసాక్షిని చేసేది అతడు పడిన బాధ కాదు, ఎందుకోసం పడ్డాడన్నదే అని పునీత అగస్తీను గారు బోధించింది కూడా ఇదే.

ఈ తేడా పట్టుబడితే సువార్తను చదివే తీరు మారుతుంది. యేసు దగ్గరకు వచ్చిన రోగులలో ఒక్కరితోనైనా ఇది నీ సిలువ, మోసుకో అని ఆయన అన్నట్లు లేదు. కుష్ఠరోగిని తాకాడు. పక్షవాత రోగిని లేపాడు. పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీని, విశ్రాంతి దినమని కూడా చూడకుండా, నిటారుగా నిలబెట్టాడు (లూకా 13:10-17). ఆమెను మరునాడు రమ్మనలేదు.

ఆయన తనకోసం కూడా బాధను వెదకలేదు. నజరేతువారు కొండ కొమ్మునుండి తోయబోతే వారి మధ్యగా నడిచి వెళ్లిపోయాడు. దేవాలయంలో రాళ్లు ఎత్తితే మరుగై బయటికి వచ్చాడు. గెత్సేమని తోటలో, వీలైతే ఆ పాత్రను తొలగించమని తండ్రిని ప్రార్థించాడు. పసిబిడ్డగా ఉన్నప్పుడు మరియమాత, యోసేపుగారు ఆయనను ఎత్తుకొని రాత్రికి రాత్రే ఐగుప్తుకు పారిపోయారు. హేరోదు కత్తి మా సిలువ అనుకొని బెత్లెహేములో కూర్చోలేదు. పౌలుగారి మాటేమిటి? దమస్కు గోడమీదనుండి గంపలో దిగి తప్పించుకున్నారు. యెరూషలేములో కొరడా దెబ్బలకు కట్టివేస్తుంటే, రోము పౌరుణ్ణి ఇలా కొట్టవచ్చునా అని చట్టం అడిగారు (అ.కా. 22:25). సమయం వచ్చినప్పుడు అదే పౌలుగారు తన ప్రాణం ఇచ్చారు.

నన్ను అన్నింటికంటే కదిలించేది మరొక చోటు. ప్రధానార్చకుని విచారణలో ఒక బంట్రోతు యేసును చెంపమీద కొట్టాడు. యేసు ఊరుకోలేదు. తిరిగి కొట్టనూ లేదు. నేను తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పు చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావు అని నిలదీశాడు (యోహాను 18:22-23). మరికొద్ది గంటల్లో సిలువ ఎత్తుకోబోతున్నవాడు కూడా ఆ ఒక్క చెంపదెబ్బను అడగకుండా వదలలేదు. ఆ సాయంత్రం ఆ తల్లికి నేను చదివి వినిపించవలసిన వచనం అది.

ఇప్పుడు ఐదవ స్థలం దగ్గరకు వద్దాం. పొలంనుండి వస్తున్న సిరేనె వాసి సీమోనును సైనికులు పట్టుకొని సిలువ మోయించారు. సిరేనె నేటి లిబియాలో ఉంది. మార్కు ఇక్కడ వాడిన గ్రీకు మాటకు అర్థం, అధికారం ఉన్నవాడు దారినపోయేవాణ్ణి పట్టుకొని చాకిరీ చేయించుకోవడం. మన భాషలో దానికి సరైన మాట ఉంది: వెట్టి. నైజాం నాటి తెలంగాణ పల్లెల సంగతి తాతల నోట విన్నవారికి దీన్ని వివరించనక్కరలేదు. దొర మూట ఎత్తమంటే ఎత్తాలి. కూలి లేదు, కాదనే నోరు లేదు.

సీమోను మోసింది మొదట వెట్టి మూటే. దాన్ని సిలువ అని మనం అనుకుంటున్నాం గాని, ఆ క్షణంలో అతనికి అది సైనికుని ఈటెపోటు భయం మాత్రమే. తరువాత అతనిలో ఏం జరిగిందో సువార్త చెప్పదు. అయితే మార్కు అతని కొడుకుల పేర్లు, అలెగ్జాండరు, రూఫు అని, తన పాఠకులు ఎరిగినవారి పేర్లలా చెబుతాడు. రోమీయులకు రాసిన లేఖ చివర పౌలుగారు ఒక రూఫుకు, అతని తల్లికి వందనాలు చెబుతారు. ఇద్దరూ ఒకరే కావచ్చునని చాలామంది ఊహ. అదే నిజమైతే ఆ వెట్టి మూట దారిలో ఎక్కడో సిలువగా మారిందన్నమాట. ప్రభువు పక్కన నడిచినందువల్ల మారింది. వెట్టి పెట్టిన సైనికుని గొప్పతనంవల్ల కాదు. సైనికుడు చేసింది అన్యాయమే, ఈనాటికీ అన్యాయమే.

దీనికి మన కాలానికి దగ్గరగా ఉన్న సాక్ష్యం పునీత మాక్సిమిలియన్ కోల్బే గారు. 1941 జూలై చివర, ఔష్విట్జ్ నాజీ శిబిరంలో ఒక ఖైదీ కనబడలేదు. దానికి శిక్షగా పదిమందిని ఆకలితో చంపడానికి ఏరారు. వారిలో ఫ్రాంచిషెక్ గయొవ్నిచెక్ అనే సైనికుడు భార్యాబిడ్డలను తలచుకొని ఏడ్చాడు. అప్పుడు కోల్బే గారు వరుసలోనుండి బయటికి వచ్చి, నేను కతోలిక గురువును, అతని స్థానంలో నేను పోతాను అన్నారు. రెండు వారాలపాటు నీళ్లూ తిండీ లేని గదిలో తోటివారిచేత ప్రార్థనలు చేయించారు. ఆగస్టు 14న విషపు సూదివేసి చంపారు. 1982 అక్టోబరు 10న ఆయనను పునీతునిగా ప్రకటించిన పూజలో ఆ గయొవ్నిచెక్ కూర్చొని ఉన్నాడు. 1995 వరకు జీవించాడు.

గమనించండి. ఆ శిబిరాన్ని దేవుడు పంపిన సిలువ అని కోల్బే గారు అనలేదు, శ్రీసభ అనదు. శిబిరం పాపం. ఆ పాపం మధ్యలో, ఒక మనిషికోసం ఆయన వేసిన అడుగు సిలువ.

ఇక మన పల్లెలోని ఆ ఇంటికి తిరిగి వద్దాం. ఆ ఇంట్లో సిలువ ఉందా? ఉంది. అది ఎవరిది? నన్ను అడిగితే, భర్తది. సారా సీసా దించడం అతని సిలువ. సాయంత్రం ఆరు గంటలకు నాలుక పీకుతున్నా, స్నేహితులు పిలుస్తున్నా, నేరుగా ఇంటికి నడవడం అతని సిలువ. తన్ను తాను నిరాకరించుకోమన్న ప్రభువు మాట ముందుగా అతనికి. అతడు దాన్ని ఎత్తుకోలేక భార్య వీపున పడవేశాడు. ఆమె మోస్తున్నది అతని బరువు, వెట్టిగా. గుడిలో మేము ఆమెకు ఓర్పు నేర్పాము గాని, అతనికి సిలువ ఎత్తుకోవడం నేర్పలేదు. అతడు గుడికి వచ్చేవాడు కాదు, నేను వెదుక్కుంటూ వెళ్లలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఏ వేదాంతం చదవకుండానే ఈ లెక్క తేల్చారు. అక్షరాస్యతా తరగతులలో సారా గురించిన పాఠం చదివి, తమ కథే కదా అనుకొని, సారా దుకాణం ముందు నిలబడ్డారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారాను నిషేధించారు. తరువాత మద్యం కథ ఎటు తిరిగిందో మీకు తెలుసు. అయినా, ఇంట్లో దెబ్బలు తిని మౌనంగా ఉండడం కంటే పదిమంది బిడ్డలకోసం వీధిలో నిలబడి కంట్రాక్టరు బెదిరింపులను భరించడం సిలువకు దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది.

ఇలా చెబితే ప్రతి చిన్న కష్టానికీ సంసారాలు వదిలేస్తారు కదా అని పెద్దలు కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సిలువ లేని క్రైస్తవ జీవితం ఉందని నేను చెప్పడం లేదు. లూకా సువార్తలో ప్రభువు సిలువను ఎత్తుకోమన్నప్పుడు "దినదినము" అనే మాట ఉంది (9:23). మత్తయి, మార్కు సువార్తలలో ఆ మాట లేదు. దినదినమూ ఎవరూ కోల్బే కాలేరు. కాబట్టి ఇది చిన్న సిలువల మాట.

ఈ పాఠం చెప్పడానికి లిసియే పునీత తెరేజమ్మ గారిని మించినవారు లేరు. 24 ఏళ్లకే, 1897లో కన్నుమూసిన మఠకన్య ఆమె. మఠంలో ధ్యానవేళ ఆమె వెనుక కూర్చునే ఒక సిస్టరు ఏదో వింత చప్పుడు చేస్తుండేది. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తే ఆగిపోయేది. తెరేజమ్మ చూడలేదు. చెమటలు పట్టేలా ఓర్చుకొని, ఆ చప్పుడునే శ్రద్ధగా వింటూ ప్రభువుకు అర్పించింది. బట్టలుతికే చోట మరొకరు మురికినీళ్లు ఆమె ముఖాన చిమ్మితే మొహం తుడుచుకోలేదు. నవ్వు వస్తుంది, అవునా? మనం గుడిలో పక్కవాళ్ల పిల్లవాడు ఏడిస్తేనే మొహం చిట్లిస్తాం. ఆమె సహించింది ఎదుటివారి పొరపాట్లను, ఎదుటివారి దౌర్జన్యాన్ని కాదు. ఎవరూ బలవంతం చేయకుండా, ప్రేమతో సహించింది.

మన ఇళ్లలో ఇవి బోలెడు. మంచంపట్టిన అత్తగారికి రాత్రి మూడోసారి లేచి దుప్పటి మార్చడం. గట్టు తగాదాలో మాట్లాడడం మానేసిన అన్న ఇంటికి మొదట తానే వెళ్లడం. తూకంలో రెండు వందల గ్రాములు తగ్గించకుండా నష్టం ఓర్చుకోవడం. చదువుకుంటున్న తమ్ముడికోసం కొత్త చీర మానుకోవడం. ఇవి ఎత్తుకున్నవారు ఎదుగుతారు. మనసు విశాలమవుతుంది, ప్రార్థన నోటిమాటగా ఉండదు. వెట్టి మోసినవారిలో జరిగేది వేరు. వారిలో భయం, అబద్ధం, లోలోపల ద్వేషం పెరుగుతాయి. ఆ తల్లిని నేను మళ్లీ చూసినప్పుడు ఆమె పిల్లలను కొడుతోంది. మీ మీద ఉన్న బరువు మీలో ప్రేమను పెంచుతోందా, చంపుతోందా అని మీరే చూసుకోండి.

జబ్బు సంగతి? పౌలుగారు తన శరీరంలోని ముల్లును తీసివేయమని ముమ్మారు ప్రార్థించిన తరువాతనే కృప చాలునన్న జవాబు అందుకున్నారు (2 కొరింతీ 12:7-9). ముందు డాక్టరు, మందు, ప్రార్థన, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం. అన్నీ చేసిన తరువాత ఇంకా మిగిలిన బాధను క్రీస్తు బాధతో కలిపి అర్పించవచ్చు. 1984 ఫిబ్రవరి 11న, మనం గుణదలమాత ఉత్సవం జరుపుకునే రోజునే, పునీత రెండవ జాన్‌పాల్ పోపుగారు మానవ బాధ గురించి ఒక లేఖ వెలువరించారు. బాధలో క్రీస్తుతో ఏకం కావడాన్ని గురించి ఎంతో చెప్పి, చివరకు ఆ లేఖ మంచి సమరీయుని దగ్గరకు వస్తుంది. బాధపడేవానికి అర్పించడం నేర్పాలి, చూసేవాడు ఆగి గాయం కట్టాలి. నేను ఆ సాయంత్రం మొదటిది చెప్పి, రెండవది చేయకుండా దాటిపోయిన యాజకుణ్ణి.

కాబట్టి ఇది చదువుతున్న ఉపదేశులకు, సంఘ పెద్దలకు, తోటి గురువులకు ఒక మాట. 1983 నాటి శ్రీసభ న్యాయస్మృతి 1153వ సూత్రం చదవండి. భార్యాభర్తలలో ఒకరు రెండవవారి ఆత్మకో శరీరానికో, లేక బిడ్డలకో తీవ్రమైన ప్రమాదం తెస్తే, వేరుగా ఉండడానికి అది న్యాయమైన కారణం. పీఠాధిపతి అనుమతితో వేరుపడవచ్చు. ఆలస్యం చేస్తే ప్రమాదమైతే ఆ అనుమతికోసం కూడా ఆగనక్కరలేదు. వివాహబంధం తెగదు, కలిసి కాపురం ఆగుతుంది. 2025లో దైవసన్నిధి చేరిన ఫ్రాన్సిస్ పోపుగారు కూడా 2016 నాటి తమ కుటుంబ లేఖలో, బలహీనులను, పిల్లలను తీవ్రమైన హానినుండి కాపాడడానికి వేరుపడడం ఒక్కోసారి నైతికంగా అవసరమే అవుతుందని రాశారు. దేశంలో 2005 నాటి గృహహింస చట్టం ఉంది. 181 అనే మహిళా సహాయ నంబరు ఉంది. ఇవి వాడుకున్న స్త్రీ సిలువను దించుకున్నట్టు కాదు.

మరి క్షమాపణ? క్షమించాలి. ప్రభువు మనకు వేరే దారి ఇవ్వలేదు. కాని క్షమించడం వేరు, మళ్లీ కొట్టడానికి చోటివ్వడం వేరు.

ఆ తల్లి చెయ్యి విరిగిన తరువాత సిస్టర్లు, నేను కలిసి ఆమెను, పిల్లలను పుట్టింటికి చేర్చాము. భర్త రెండుసార్లు తాగుడు మానాడు, రెండుసార్లు మొదలుపెట్టాడు. పెద్దపిల్ల తిరిగి బడిలో చేరింది. ఒక విభూది బుధవారంనాడు, బూడిద పూయించుకొని, ఆమె పక్కకు వచ్చి భర్త పేరున ఒక పూజ చెప్పమని కానుక చేతిలో పెట్టింది. వాడు బాగుపడాలని ప్రతి శుక్రవారం పన్నెండవ స్థలం దగ్గర వేడుకుంటున్నానంది. నేనేమీ అడగలేదు. "ఆ ఇంటికి మాత్రం పోను ఫాదర్ గారూ" అని తనే చెప్పి, పిల్లల్ని పిలుచుకొని బస్సుకు వెళ్లిపోయింది.